ముందు బిల్టీ, తర్వాత మూట

"దిగింది మావయ్యా. దిగింది గానీ తెరుచుకోవట్లేదు."

ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి ఇంకా రెండు రోజులుంది. కోరుకొండ తీర్థానికి అప్పుడే జనం రాక మొదలైంది. కొండ కింద రంగులరాట్నం బిగిస్తున్నారు, మైకు తెల్లారకుండానే అందుకుంది. మా మేనల్లుడు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వరండాలోకి వచ్చాడు. రాజమండ్రిలో కంప్యూటర్ల డిగ్రీ, రెండో ఏడు. పాత తెలుగు పుస్తకాలను నెట్ నుంచి దింపిపెట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకు రమ్మన్నారట కాలేజీలో. కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము'తో మొదలుపెట్టాడు. మంచి బేరమే. కథ ధవళేశ్వరంలో నడుస్తుంది, మన పక్కూరే. పంతులుగారు పోయింది 1919లో. రచయిత పోయాక 60 ఏళ్లకు మన దేశంలో హక్కులు తీరిపోతాయి కాబట్టి దింపుకుంటే అడిగేవాడు లేడు.

పైథాన్‌లో మూడు లైన్లు రాశాడు. నడిపితే ఎర్రక్షరాలేమీ రాలేదు. ఫోల్డర్లో ఫైలు పడింది. పేరు చివర పీడీఎఫ్ అనే ఉంది. నొక్కితే మాత్రం ఫైలు పాడైపోయిందంటోంది.

"సైజెంతుంది?"

"చూళ్లేదు."

చూస్తే 9 కేబీ. ఒక నవలంత స్కాన్ పుస్తకం 9 కేబీలో ఎలా పడుతుందిరా అంటే తల గోక్కున్నాడు. ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవమన్నాను. పైన హెచ్‌టీఎంఎల్ అని కనిపించింది, నాలుగు లైన్ల కింద అసలు సంగతి: "మీ సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి." వాడు దింపుకున్నది పుస్తకం కాదు, ఆ సైటువాళ్ల గుమ్మం ముందు బోర్డు. దానికి పీడీఎఫ్ అని పేరు పెట్టి దాచుకున్నాడు.

"మరి ప్రోగ్రాం చెప్పాలి కదండీ, ఇది పుస్తకం కాదని?"

ఇదీ ప్రశ్న. ఇది వాడొక్కడిది కాదు, నెట్ నుంచి ఫైలు దింపే ప్రోగ్రాం రాసిన ప్రతివాడూ ఏదో ఒకనాడు అడిగిందే. దీనికి జవాబు చెప్పాలంటే రాజమండ్రి పార్సిల్ ఆఫీసు దాకా వెళ్లాలి.

మన ఊరి బట్టల కొట్టుకు మూట వచ్చిందనుకో. మూటతో పాటు బిల్టీ వస్తుంది. ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని శాల్తీలు, బరువెంత, లోపల ఏమిటి, ఏ తేదీన వేశారు, అన్నీ అందులో ఉంటాయి. కొట్టాయన మూట విప్పకుండానే బిల్టీ చూసి "ఇది మనది కాదు, పక్కవాళ్ల ఎరువుల మూట" అని చెప్పేస్తాడు. వెబ్ సర్వరు కూడా ఏ ఫైలు పంపినా ముందు బిల్టీ పంపి, ఆ వెనకే సరుకు పంపుతుంది. ఆ బిల్టీనే హెడర్లు అంటారు. మొదటి లైన్లో ఒక మూడంకెల సంఖ్య: 200 అంటే తీసుకో, 404 అంటే ఆ వస్తువు మా దగ్గర లేదు, 403 అంటే నీకివ్వం. ఆ కింద లైనుకొక సంగతి. కంటెంట్-టైప్ అని ఉంటే సరుకేమిటో, కంటెంట్-లెంగ్త్ అని ఉంటే ఎన్ని బైట్లో, లాస్ట్-మాడిఫైడ్ అని ఉంటే ఆఖరున ఎప్పుడు మార్చారో. తర్వాత ఒక ఖాళీ లైను. ఆ ఖాళీ లైనుతో బిల్టీ అయిపోయింది, ఇక సరుకు మొదలు అని లెక్క.

ఈ అమరిక వెబ్‌తో పుట్టింది కాదు, ఈమెయిల్ నుంచి తెచ్చుకున్నది. ఉత్తరాలకు 1982లో రాసుకున్న నియమాల్లోనే ఈ 'పేరు, రెండు చుక్కలు, సంగతి' అనే పద్ధతీ, ఖాళీ లైనూ ఉన్నాయి. పైథాన్‌లో హెడర్లు పట్టుకునే డబ్బా ఈమెయిల్ మాడ్యూల్ నుంచి వచ్చినదే కావడం కూడా అందుకే. హెడర్ పేర్లు పెద్దక్షరాల్లో రాసినా చిన్నక్షరాల్లో రాసినా ఒకటే.

అసలు వెబ్‌కు మొదట బిల్టీయే లేదు. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ 1991లో రాసి పెట్టిన తొలి వెబ్ నియమాల్లో, అంటే హెచ్‌టీటీపీలో, ఉన్నది ఒకే మాట: గెట్. ఫలానా పేజీ ఇవ్వు అంటే పేజీ వచ్చేది, లైను తెగేది. హెడర్లు లేవు, మూడంకెల సంఖ్యా లేదు. పేజీ లేకపోతే? "లేదు" అని రాసిన ఇంకో పేజీ వచ్చేది. చదివే మనిషికి తెలుస్తుంది, ప్రోగ్రాంకు తెలియదు. హెడర్లూ సంఖ్యలూ కాగితం మీద స్థిరపడింది 1996 మేలో, 1.0 నాటికి. చూడు, నీ మూడు లైన్ల ప్రోగ్రాం అయిదేళ్లు వెనకబడి 1991లో కూర్చుంది. బిల్టీ వచ్చింది, నువ్వే చదవలేదు.

"నేను చదవకపోవడమేమిటి, అది ఇస్తే కదా?"

ఇచ్చింది. వాడు వాడినది పైథాన్ సొంత లైబ్రరీ యుఆర్ఎల్‌లిబ్‌లో యుఆర్ఎల్‌రిట్రీవ్ అనే ఫంక్షను. (లైబ్రరీ అనగానే మా ఇంట్లో పెద్దవాళ్లకు గౌతమీ గ్రంథాలయమే గుర్తొస్తుంది. ప్రోగ్రామర్ల లైబ్రరీ పుస్తకాలివ్వదు, ముందే ఎవరో రాసిపెట్టిన పనిముట్లిస్తుంది.) ఆ ఫంక్షను పని ముగించి రెండు వస్తువులు చేతిలో పెడుతుంది: ఒకటి ఫైలు ఎక్కడ పెట్టిందో ఆ పేరు, రెండోది హెడర్లు. మా వాడు మొదటిది కూడా పట్టుకోలేదు, రెండూ గాలికి వదిలేశాడు. ఆ రెండోదాన్ని పట్టుకుని కంటెంట్-టైప్ ఏమిటని అచ్చు వేయించాను. 'టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్' అని వచ్చింది. పీడీఎఫ్ అయితే 'అప్లికేషన్/పీడీఎఫ్' అని ఉండాలి. సర్వరు అబద్ధమాడలేదు. మూట మీద పీడీఎఫ్ అని చీటీ అంటించినది మనమే. ఫైలు పేరు మనం పెట్టుకున్నది, యూఆర్ఎల్ చివర ఉన్న పేరూ ఒక పేరే. లోపలి సరుకుకూ దానికీ చుట్టరికం ఉండాలని ఎక్కడా లేదు.

ఆ ఫంక్షను అసలేమీ చూసుకోదా అంటే, ఒకటి చూసుకుంటుంది: బరువు. బిల్టీలో చెప్పిన బైట్లకంటే తక్కువ వస్తే సరుకు తక్కువైందని గోల చేస్తుంది. ఇక్కడ లాగిన్ పేజీ చెప్పిన బరువుకు సరిగ్గా వచ్చింది, అందుకే నోరెత్తలేదు. 404 వచ్చినా గోల చేసేది. కానీ ఆ సైటు లోపలికి రానివ్వకుండానే 200 అని ముద్ర కొట్టి పంపింది. ఇలాంటి సైట్లు బోలెడున్నాయి. లేదు అని చెప్పాల్సిన చోట నవ్వుముఖంతో 200 ఇస్తాయి. ప్రోగ్రాం రాసేవాళ్లను ఇవి ఏడిపించినంతగా అసలు తప్పులు కూడా ఏడిపించవని నా అభిప్రాయం.

లైబ్రరీలకు కూడా తలో స్వభావం. యుఆర్ఎల్‌లిబ్ 404 చూడగానే ప్రోగ్రాంని అక్కడికక్కడే ఆపుతుంది. 2011లో వచ్చిన రిక్వెస్ట్స్ అనే లైబ్రరీ, ఇవాళ పైథాన్ పిల్లలందరూ వాడేది, అలా కాదు. 404 వచ్చినా 500 వచ్చినా ఆ పేజీని శాంతంగా తెచ్చి చేతికిస్తుంది. సంఖ్య చూసుకోవడమో, తప్పయితే గోల చెయ్యమని విడిగా చెప్పడమో మన బాధ్యత. ఏది మంచిదంటే ఏం చెప్పను? కోపిష్టి గుమాస్తా ఒకరు, మెతక గుమాస్తా ఒకరు. ఎవరితో పని చేస్తున్నామో తెలిస్తే ఇద్దరితోనూ బండి నడుస్తుంది.

బిల్టీ చూశాక మూట విప్పి చూడటం కూడా నేర్పాను. ఫైళ్లకు ముందు రెండు మూడు అక్షరాల్లో గుర్తుంటుంది. పీడీఎఫ్ ఫైలు పర్సంటు గుర్తుతో మొదలై పీ, డీ, ఎఫ్ అనే అక్షరాలతో నడుస్తుంది. జిప్ ఫైలు పీ, కే అని మొదలవుతుంది, ఆ పద్ధతి తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. స్కాన్ బొమ్మల టిఫ్ ఫైలయితే రెండు ఐలు గానీ రెండు ఎమ్‌లు గానీ ఉండి, వెంట 42 అనే సంఖ్య ఉంటుంది. మా వాడి 9 కేబీ ఫైలుకు మొదటి అక్షరం 'కంటే చిన్న' గుర్తు. పీడీఎఫ్ కాదనడానికి ఆ ఒక్క అక్షరం చాలు.

టిఫ్ మాటెందుకు ఎత్తానంటే, నెట్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాల్లో చాలా భాగం ఆ రూపంలోనే మనకు మొదట దక్కాయి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి గారు పదిలక్షల పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కిద్దామని తలపెట్టారు. అందులో మన దేశపు భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు ఇక్కడ దాన్ని మోశాయి. 2007 నాటికి ఆ అంతర్జాతీయ పథకం పదిలక్షలు దాటింది. ఆ తెలుగు పుస్తకాలు ఎంతమందికి మేలు చేశాయో చెప్పలేను. కానీ పుస్తకం మొత్తం ఒక ఫైలుగా ఇచ్చేవాళ్లు కాదు. ప్రతి పుస్తకానికీ ఒక బార్‌కోడ్ సంఖ్య, ప్రతి పేజీకీ ఒక టిఫ్ బొమ్మ, బొమ్మ పేరు ఏడు సున్నాలూ ఒకటీ, ఏడు సున్నాలూ రెండూ, ఇలా. బ్రౌజర్లో ఒక్కో పేజీ నొక్కుకుంటూ చదవాలి. రెండు వందల పేజీల పుస్తకం కావాలంటే రెండు వందల సార్లు.

అందుకే పాఠకుల్లో కంప్యూటర్ తెలిసినవాళ్లు బార్‌కోడ్ ఇస్తే చాలు, ఒకటో పేజీ నుంచి వరసగా దింపి కుట్టేసే ప్రోగ్రాంలు రాసుకున్నారు. తెలుగు వికీపీడియాలో ఆ పుస్తకాల జాబితాలు తయారు చేశారు. పేజీల లెక్క ముందే తెలియకపోతే ఎక్కడ ఆగాలి? 404 వచ్చిన చోట ఆగాలి. అప్పుడు 404 తప్పు కాదు, పుస్తకం అట్ట. సర్వరు 404 అనకుండా 200 అంటూ 'పేజీ లేదు' అనే బొమ్మో కాగితమో పంపిందా, ఆ ప్రోగ్రాం అట్ట దాటి తెల్లవార్లూ దింపుతూనే ఉంటుంది. తర్వాత కాలంలో ఆ పుస్తకాలు పెద్ద సంఖ్యలో ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌కు చేరాయి, పుస్తకమంతా ఒకే పీడీఎఫ్‌గా. వాటి గుర్తింపు పేర్లలో ఇప్పటికీ డీఎల్ఐ, 2015 అని కనిపిస్తాయి.

మా వాడిని అక్కడికి వెళ్లమన్నాను. మొదటి సైటు లాగిన్ అడిగిందంటే వాళ్లకు లాగిన్ కావాలనే కదా అర్థం, దాన్ని తప్పించుకునే ఉపాయాలు నేనెందుకు నేర్పుతాను? అదే పుస్తకం తలుపు తీసి పెట్టిన చోట దొరుకుతుంటే.

"కానీ మావయ్యా, నాకు రోజుకు 2 జీబీయే. అందులో సగం పొద్దున్నే అయిపోయింది. పుస్తకం ఎంతుంటుందో దింపకుండా ఎలా తెలుస్తుంది?"

మూట వద్దు, బిల్టీ ఒక్కటే పంపమని అడగొచ్చు. గెట్ అనాల్సిన చోట హెడ్ అనాలి, అంతే. సర్వరు హెడర్లు పంపి ఖాళీ లైను దగ్గర ఆగిపోతుంది. ఖర్చయ్యేది ఒక్క కేబీ అటూ ఇటూ. పైథాన్ 3.3 నుంచి యుఆర్ఎల్‌లిబ్‌లో పద్ధతి పేరు హెడ్ అని రాస్తే చాలు. ప్రోగ్రాం కూడా అక్కర్లేదనుకుంటే కర్ల్ ఉంది. స్వీడన్ ఆయన డేనియల్ స్టెన్‌బెర్గ్ చాట్ గదిలో డబ్బు మారకం రేట్లు చెప్పే బాట్ ప్రోగ్రాం కోసం ఒక చిన్న పనిముట్టును తీసుకుని మెరుగుపెడుతూ పోయాడు, 1998 మార్చిలో అది కర్ల్ అయింది. 2018 నుంచి విండోస్ 10లోనే వస్తోంది. కమాండ్ ప్రాంప్ట్ నల్ల కిటికీ తెరిచి, కర్ల్ అని రాసి, ఒక గీతా పెద్ద ఐ అక్షరమూ పెట్టి యూఆర్ఎల్ ఇస్తే బిల్టీ కళ్లముందుంటుంది.

వాడు ఉత్సాహంగా రిక్వెస్ట్స్‌తో హెడ్ అడిగాడు. బరువు సున్నాకు దగ్గరగా వచ్చింది, సంఖ్య 302. మొహం మళ్లీ వాడిపోయింది. ఇది ఆర్కైవ్ దగ్గర మామూలే. ఆ పుస్తకాలు వేర్వేరు యంత్రాల మీద ఉంటాయి. డౌన్‌లోడ్ యూఆర్ఎల్ అడిగితే "అది ఫలానా యంత్రం దగ్గర ఉంది, అక్కడికి వెళ్లు" అని 302తో పాటు లొకేషన్ అనే హెడర్ ఇస్తుంది. గెట్ అంటే రిక్వెస్ట్స్ తనంతట తనే ఆ రెండో చోటికి వెళ్తుంది. హెడ్ అంటే మాత్రం వెళ్లదు, వెళ్లమని చెప్పాలి. మా వాడు చూసినది పుస్తకం బిల్టీ కాదు, దారి చూపించే చీటీ బిల్టీ. వెళ్లమని చెప్పాక 200 వచ్చింది, అప్లికేషన్/పీడీఎఫ్ అని వచ్చింది, బరువూ వచ్చింది. చేతిలో ఉన్న డేటాకు సరిపోతుంది.

అన్ని సర్వర్లూ ఇంత మర్యాదగా ఉండవు. కొన్ని హెడ్ అంటే 405, అంటే "ఆ పద్ధతి మాకు లేదు" అంటాయి. కొన్ని హెడ్‌కు జవాబిస్తాయి గానీ బరువు చెప్పవు, ఎందుకంటే ఆ సరుకు అడిగాకే వండుతారు, వండకుండా బరువెంతో వాళ్లకే తెలియదు. అలాంటప్పుడు నేను వాడే ఉపాయం ఒకటుంది: గెట్ అనే అడుగుతాను గానీ, రేంజ్ అనే హెడర్లో సున్నా నుంచి సున్నా దాకా, అంటే మొదటి బైటు ఒక్కటే పంపమంటాను. బియ్యం బస్తాలోంచి ఒక్క గింజ. ముక్కలుగా ఇవ్వగల సర్వరయితే 206 అనే సంఖ్యతో గింజ పంపుతూ, కంటెంట్-రేంజ్ అనే లైన్లో గీత పక్కన మొత్తం బైట్లెన్నో చెప్పేస్తుంది. ఆ పని రాని సర్వరు 200 అని బస్తా అంతా తోస్తుంది. అప్పుడు బిల్టీ చదివి తలుపు మూసెయ్యాలి. మూయొచ్చు కూడా. యుఆర్ఎల్‌లిబ్‌లో యుఆర్ఎల్‌ఓపెన్ అనేదీ, రిక్వెస్ట్స్‌లో స్ట్రీమ్ అని చెప్పి అడిగినదీ, హెడర్లు రాగానే మన చేతికొస్తాయి. సరుకులో చాలా భాగం మనం చదివే దాకా బయటే ఆగి ఉంటుంది.

ఆ మధ్యాహ్నానికి కొండ కింద జనం పెరిగారు. ఊళ్లో ఉన్న టవర్లు వాళ్లందరి ఫోన్లకూ సరిపోవు. దింపుతున్న పుస్తకం నలభై శాతం దగ్గర నిలబడిపోయింది. తప్పు కూడా రాలేదు, కర్సర్ అలా కొట్టుకుంటూ ఉండిపోయింది. పావుగంట.

"చచ్చిందా, బతికుందా?"

తెలియదు. తెలుసుకోమని మనం చెప్పలేదు కాబట్టి దానికీ తెలియదు. యుఆర్ఎల్‌రిట్రీవ్‌కు ఇంతసేపే ఆగు అని గడువు చెప్పే వీలే పెట్టలేదు. పైథాన్ పత్రాల్లోనే దాన్ని పాతకాలపు సరుకుగా జమకట్టారు, ముందు ముందు వాడొద్దని అన్నా అనొచ్చన్నారు. రిక్వెస్ట్స్‌కు గడువు చెప్పొచ్చు, చెప్పకపోతే అదీ అనంతంగా ఆగుతుంది. బస్టాండులో కూర్చున్నవాడు "ముప్పావుగంట చూస్తా, రాకపోతే ఆటో ఎక్కేస్తా" అనుకుంటాడు. ప్రోగ్రాంకు ఆ ఆలోచన మనమే ఇవ్వాలి.

ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకోవడం ఎలా? మళ్లీ రేంజే. చేతిలో ఎన్ని బైట్లున్నాయో చూసుకుని, అక్కడి నుంచి చివరిదాకా పంపమనాలి. ఇక్కడ ఒక గుంట ఉంది, నేను కూడా ఒకప్పుడు పడ్డాను. సర్వరు రేంజ్‌ను పట్టించుకోకుండా 200 అని మొదటి నుంచీ పంపితే, చూసుకోకుండా పాత ముక్క చివర అతికించేస్తాం. బరువు బాగానే పెరుగుతుంది, ఫైలు మాత్రం ఎందుకూ పనికిరాదు. 206 వస్తేనే అతికించాలి. ఇంకో గుంట, మధ్యలో వాళ్లు ఫైలు మార్చేస్తే సగం పాతదీ సగం కొత్తదీ అవుతుంది. దానికి ఈట్యాగ్ ఉంది, మూట మీద సీలు నంబరు లాంటిది, సరుకు మారితే మారుతుంది. ఇఫ్-రేంజ్ అనే హెడర్లో పాత సీలు నంబరు రాసి పంపితే, సీలు అదే అయితే మిగతా ముక్క ఇస్తుంది, మారితే మొత్తం మళ్లీ ఇస్తుంది.

సగం దిగిన ఫొటో పైసగమైనా కనిపిస్తుంది కదా, సగం దిగిన పీడీఎఫ్ అసలు తెరుచుకోదేమని వాడికి ఇంకో సందేహం. పీడీఎఫ్‌లో ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా ఫైలు చివర ఉంటుంది. చదివే ప్రోగ్రాం ముందు తోకకు వెళ్లి, పట్టిక చూసుకుని, వెనక్కి వస్తుంది. తోక లేకపోతే తల ఎంత ఉన్నా లాభం లేదు.

జనం తగ్గే దాకా దింపడం ఆపి, వాడి ప్రోగ్రాంలో ఇంకో పేచీ తీశాం. పుస్తకం పేరు యూఆర్ఎల్‌లో తెలుగులో పెడితే యుఆర్ఎల్‌లిబ్ ససేమిరా అంటోంది. ఇది నాకిష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి.

యూఆర్ఎల్ నియమాలు రాసినవాళ్లు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కొన్ని గుర్తులే ఒప్పుకున్నారు. మిగతా ఏ లిపి అయినా బైట్లుగా విడగొట్టి, ఒక్కో బైటుకూ పర్సంటు గుర్తూ రెండంకెలూ పెట్టి రాయాలి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. గుణింతపు గుర్తూ, సున్నా కూడా విడి సంకేతాలే. మన 'కోరుకొండ' తీసుకో: క, ఓత్వం, ర, కొమ్ము, క, ఒత్వం, సున్నా, డ. ఎనిమిది. మూడెనిమిదులు ఇరవైనాలుగు బైట్లు. బైటుకు మూడక్షరాల చొప్పున యూఆర్ఎల్‌లో 72 అక్షరాలు. మనకు నాలుగక్షరాల ఊరు, కంప్యూటర్ తీగ మీద 72 పెట్టెల గూడ్సుబండి. బ్రౌజరు ఈ పని చాటుగా చేసేస్తుంది, రిక్వెస్ట్స్ కూడా చేస్తుంది. యుఆర్ఎల్‌లిబ్‌కు మాత్రం కోట్ అనే ఫంక్షనుతో మనమే విడగొట్టి ఇవ్వాలి.

ఇంకో రహస్యం. మన తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, పదహారంకెల లెక్కలో ఈ-సున్నా. రెండో బైటు బీ-సున్నా గానీ బీ-ఒకటి గానీ. పాత పడమటి దేశాల పట్టికలో ఈ-సున్నా అంటే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ'. బీ-సున్నా అంటే డిగ్రీల సున్నా. బీ-ఒకటి అంటే ప్లస్ కింద మైనస్. ఇప్పుడు గుర్తొచ్చిందా? తెలుగు పేజీ దింపితే తెరమీద వరసగా గీత ఎ, డిగ్రీ, గీత ఎ, ప్లస్సుమైనస్ అని చీమల బారు కనపడుతుందే, అది పాడైపోయిన తెలుగు కాదు. సలక్షణమైన తెలుగే, తప్పు పట్టికతో చదివారు. కంటెంట్-టైప్ హెడర్లో సరుకు పేరు పక్కనే క్యారెక్టర్ సెట్ ఏమిటో రాయాలి. సర్వరు అది రాయకపోతే, టెక్స్ట్ అయినప్పుడు రిక్వెస్ట్స్ ఆ పాత పడమటి పట్టికే అనుకుంటుంది. యూటీఎఫ్-8 అని మనం ఒక్క మాట చెబితే చీమలన్నీ అక్షరాలైపోతాయి. నా దగ్గరికి "ఫాంటు ఇన్‌స్టాల్ చేసినా రావట్లేదండి" అంటూ వచ్చినవాళ్లలో చాలామందికి అసలు లోపం ఫాంటుది కాదు, బిల్టీలో రాయని ఆ ఒక్క మాటది.

సాయంత్రం మా బావగారు వచ్చి, పిల్లాడికి ఈ విద్య పుస్తకాలకేనా, పనికొచ్చే పనికి కూడా అక్కరకొస్తుందా అన్నారు. ఆయనకు గోదావరి లంకలో భూమి ఉంది. జులై, ఆగస్టుల్లో ఆయన ధ్యాసంతా ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం మీదే: 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. 1986 ఆగస్టు వరద చూసిన మనిషి. వరద వేళ నీటిమట్టాల ఫైలు ఏదైనా ఒకే యూఆర్ఎల్‌లో మారుతూ ఉందనుకుందాం. పది నిమిషాలకోసారి మొత్తం దింపక్కర్లేదు. పోయినసారి వచ్చిన లాస్ట్-మాడిఫైడ్ తేదీని ఇఫ్-మాడిఫైడ్-సిన్స్ అని తిప్పి పంపితే, మారకపోతే 304 వస్తుంది, సరుకు రాదు. మారితే 200తో కొత్తది వస్తుంది. డేటా ఖర్చు దాదాపు లేదు, వరదలో అందరూ ఎగబడే సర్వరు మీద బరువూ తక్కువే.

ఒక్కటే జాగ్రత్త, ఆ హెడర్ తేదీలు ఎప్పుడూ గ్రీనిచ్ టైములోనే ఉంటాయి. 03:30 అని కనిపిస్తే తెల్లవారుజాము కాదు, మన పొద్దున్న తొమ్మిది. వరద రోజున అయిదున్నర గంటల తేడా అంటే మాటలా? అదీకాక, తేదీ మారిందంటే ఫైలు మళ్లీ రాశారని తెలుస్తుందే గానీ, లోపల అంకె మారిందని కాదు. బావగారు అంతా విని, "అయితే నాకు ఫోన్లోనే చెప్పేట్టు చెయ్యిరా" అని వాడి భుజం తట్టి వెళ్లారు.

రాత్రి పదకొండు దాటాక మైకు ఆగింది. టవరు ఖాళీ అయినట్టుంది, ఆగిన నలభై శాతం దగ్గర్నుంచి 206తో మిగతా ముక్క జారిపడింది. వాడు నన్ను లేపకుండానే లెక్కలు చూసుకున్నాడు. బిల్టీలో చెప్పిన బైట్లూ, దిగిన బైట్లూ సమానం. మొదటి అక్షరం పర్సంటు గుర్తు. తెరిస్తే పంతులుగారి పుస్తకం, పసుపుపచ్చ కాగితాల మీద.

పొద్దున్న కాఫీ దగ్గర వాడి ప్రోగ్రాం చూశాను. మూడు లైన్లు కాస్తా నలభై అయ్యాయి. గడువుంది, 206 చూడటముంది, కంటెంట్-టైప్ తేడా వస్తే ఫైలు దాచకుండా ఆగిపోవడముంది. ఒక ఫైలుకూ ఇంకో ఫైలుకూ మధ్య రెండు సెకన్లు ఆగమని నేను రాయించిన లైను మాత్రం తీసేశాడు. ఎవరైనా వరసగా ఎగబడితే సర్వర్లు 429 అని, అంటే "మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు" అని తలుపేస్తాయని, ఒక్కోసారి రిట్రై-ఆఫ్టర్ అనే హెడర్లో ఎంతసేపు ఆగాలో కూడా చెబుతాయని నిన్ననే చెప్పాను.

"అదెందుకు తీశావురా?"

"ఒక్క ఫైలే కదా మావయ్యా, మధ్యలో ఆగడానికి రెండోదేదీ?"

"ఒక్కటేనా?"

వాడు ల్యాప్‌టాప్ కాస్త అటు తిప్పుకున్నాడు. తెర మీద సగం కనిపించింది: శ్రీపాద వారి పుస్తకాలు, చిలకమర్తి వారివి, ఇంకా కిందకి జరిపితే ఎన్నున్నాయో. ఆ లైను మళ్లీ పెట్టించాను.